పండబెట్టిన తలుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. బాగా చదువుకున్నవాళ్లు కూడా టీ కప్పు చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి మొదలుపెడతారు. నేను లేచి వెళ్లిపోతాను. కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది లింబాద్రి అనే వడ్రంగి కథ. అతని బతుకులో నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది రాస్తున్నాను. మధ్యలో మీకు భయం వేస్తే నా పూచీ లేదు.

బహ్రెయిన్‌లో అస్కర్ వెళ్లే దారిలో మా వడ్రంగి షెడ్డు ఉంది. నేను దానికి సూపర్‌వైజర్ని. పేరు భీమేశ్వరరావు, మాది ద్రాక్షారామం. లింబాద్రిది నిర్మల్ దగ్గర పల్లె. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా ఇంటికి ఫోన్ చేస్తే "దుబాయిలనే ఉన్న" అంటాడు. ఇది బహ్రెయిన్ రా నాయనా, వేరే దేశం అని నేను మొత్తుకుంటే, "మా ఊరోళ్లకు అంత దుబాయే సారు. గిప్పుడు పేరు మారిస్తె నౌకరి పోయిందనుకుంటరు" అని నవ్వుతాడు. రంపం మిషన్ల దగ్గర నిలబడి నిలబడి అతని చెవులు సగం పోయాయి. చెక్కను తట్టి, అరచెయ్యి ఆనించి వింటాడు.

అతని భార్య గౌరవ్వ కూడా ఇక్కడే ఉండేది. సల్మానియాలో ఒక ఆఫీసులో శుభ్రం చేసే పని. ఇద్దరూ మనామాలో ఒక పాత ఇంట్లో గది అద్దెకు తీసుకున్నారు. ఆ గదికి ఎప్పటిదో టేకు తలుపు ఉండేది, బరువుగా, కింది అంచు అరిగిపోయి. గౌరవ్వ ఎడమ కాలి మీద చిన్నప్పుడు బండి చక్రం ఎక్కింది. అప్పటినుంచి ఆ కాలు ఈడ్చి నడిచేది. డ్యూటీ దిగి వస్తుంటే వరండాలో కుడికాలు టక్కుమని పడేది, ఎడమకాలు సర్రుమని జారేది. ఆ చప్పుడు తలుపు దగ్గరికి రాకముందే లింబాద్రి చాయ్ పెట్టేవాడు. చెవులతో కాదు, బండల మీంచి తన అరికాళ్లకు ఆ నడక తెలిసేదని నాతో చాలాసార్లు అన్నాడు.

ఒక సాయంత్రం ఆమె రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. గదిలో లింబాద్రి పొయ్యి దగ్గరే కూర్చుని ఉన్నాడు. శవాన్ని ఊరికి తీసుకెళ్లి, అన్నీ ముగించి, మళ్లీ ఆ గదికే వచ్చాడు. ఆ తర్వాత తలుపుకు గడియ వేయడం మానేశాడు. దొంగలు పడతారయ్యా అంటే వినలేదు. చివరికి యజమాని ఆ ఇల్లు పడగొట్టిస్తుంటే, గునపం తగలకముందే తలుపును బందులతో సహా ఊడదీసి షెడ్డుకు మోసుకొచ్చాడు. చెక్కల వెనక గోడకు ఆనించి నిలబెట్టాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే ఊనా టీచర్ ఫోన్ చేసింది. ఐర్లండు మనిషి, డెబ్బై దాటిన వితంతువు. సీఫ్ మాల్స్ వెనక ఒక విల్లా కింది హాలులో పిల్లలకు తన దేశపు నాట్యం నేర్పుతుంది. రీళ్లకు, జిగ్గులకు చెక్క కావాలని చెప్పింది. ఫోన్ సరిగా వినపడలేదు, విన్నంతవరకు లింబాద్రికి చెప్పాను. వడ్రంగులకు జిగ్ అంటే చెక్కను కదలకుండా పట్టి ఉంచే చట్రం. రీల్ అంటే ఇప్పుడు చంటిపిల్లలకు కూడా తెలుసు, ఫోన్‌లో వీడియో. లింబాద్రి బుర్ర గోక్కుని, ముచ్చటైన బిగింపు చట్రం ఒకటి చేసి, దాని పక్కన ఫోన్ నిలబెట్టుకోవడానికి చిన్న పీట కూడా అమర్చాడు.

ఆ వస్తువును చూసి ఊనా టీచర్ సోఫాలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. రీళ్లూ జిగ్గులూ వాళ్ల నాట్యంలో రకాలట. ఆమెకు కావలసింది ఆడడానికి చెక్క నేల. లింబాద్రికి విడమరిచి చెబితే, "ఆటకు మా సామాన్ పేరెందుకు పెట్టిన్రు మరి?" అని నన్నే కోప్పడ్డాడు. పదిమంది చేరి ఆడుకునే సందడిని వాళ్లు కేలీ అంటారని ఆమె చెప్పినప్పుడు మాత్రం, మాకూ కేళి ఉందని నేను గొప్పగా చెప్పుకున్నాను. ఎక్కడి చుట్టరికమో, అసలు చుట్టరికం ఉందో లేదో నాకు తెలియదు.

ఆ నాట్యాన్ని నేను మొదటిసారి అక్కడే చూశాను. నడుము పైన మనిషి కదలడు. చేతులు పక్కలకు వేలాడుతూ ఉంటాయి, ముఖంలో ఏ భావమూ ఉండదు. మోకాళ్ల కింద మాత్రం కాళ్లు పూనకం వచ్చినట్టు ఆడతాయి. కూచిపూడి చూసిన కళ్లకు అది వింతగా ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. చేతులు ఎందుకు కదపరు అని అడిగాను. తలా ఒక మాట చెబుతారంది. చేతులాడించడం సిగ్గుమాలిన పని అని పాదిరీలు కట్టడి చేశారని కొందరు, కిటికీలోంచి చూసేవాడికి ఆట తెలియకూడదని కొందరు, ఇరుకు ఇళ్లలో చోటు లేకనని ఇంకొందరు. నిజం ఏదో ఆమెకూ తెలియదు.

పూర్వం ఊరూరా తిరిగే నాట్యం పంతుళ్లు ఉండేవారట. కుడి ఎడమ తెలియని పల్లె పిల్లలకు ఒక కాలికి గడ్డితాడు, ఇంకో కాలికి లేతకొమ్మ చుట్టి, కాలి పేరుకు బదులు కట్టినదాని పేరు పిలిచేవారట. తర్వాత సంఘాలొచ్చి నియమాలు పెట్టాయి, పోటీలొచ్చాయి. ఆదివారం చర్చికి వేసుకునే బట్టల్లో ఆడినవాళ్ల మనవరాళ్లకు తళుకు రాళ్ల గౌనులు, ఉంగరాల జుట్టు విగ్గులు వచ్చాయి. బూట్ల మడమలకు మేకులు పోయి ఫైబర్ వచ్చింది. పెద్ద పెద్ద స్టేజీ ప్రదర్శనలు దేశదేశాలు తిరిగాక, ఐర్లండు ఏ దిక్కున ఉందో తెలియని పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు.

అలాంటి పిల్లే రిదా, ఎనిమిదేళ్లది. తల్లి షకీలాది జగిత్యాల, ఆ విల్లాలోనే శుభ్రం చేసే పని. అంతకుముందు సల్మానియా ఆఫీసులో గౌరవ్వతో కలిసి చేసింది. రిదా తల్లి వెంట వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి చూసి చూసి అడుగులు పట్టేసింది. టీచర్ ఫీజు అడగకుండా లోపలికి పిలిచింది. విగ్గు వద్దు, స్కార్ఫ్‌తోనే ఆడతానని రిదా అంటే, "మా అమ్మ ఆడినప్పుడు విగ్గే లేదు. రేపు ఇదే ఆచారం కావచ్చు" అంది. చలికాలంలో దుబాయిలో పోటీ ఉంది, లింబాద్రి చెప్పే దుబాయిలో కాదు, అసలు దుబాయిలో. అందులో రిదాను నిలబెట్టాలని టీచర్ పట్టుదల.

కానీ నేల పలకలేదు. కింద గచ్చు, పైన మేం పరిచిన చెక్క. రిదా కాలు వేస్తే ఇసుకలో వేసినట్టు ఉంది. మధ్యలో ఖాళీ ఉంచి మళ్లీ కట్టినా టీచర్ పెదవి విరిచింది. తన అమ్మమ్మ ఇంట్లో మట్టి నేల ఉండేదని, చుట్టాలొస్తే వీధి తలుపును బందులనుంచి తీసి నేల మీద పరిచి దాని మీద ఆడేవారని, ఆ చప్పుడు ఇంకెక్కడా వినలేదని చెప్పింది. నేను తెలుగు చేసి చెబుతుంటే లింబాద్రి ముఖం మారిపోయింది.

దారిలో నాతో అన్నాడు. "నా దగ్గర తలుపున్నది సారు. కని మా నాయిన నిలవడ్డ తలుపును పండవెట్టనియ్యకపోతుండె. కొత్తది చేసేటప్పుడు ఎట్లనన్న పెట్టు, ఒక్కపారి ఇంటికి నిలవెట్టినంక పండవెట్టద్దని కొడుతుండె."

"ఎందుకట?"

"అడిగితే ఇంకో రెండు ఎక్కువ పడుతుండె. అడగలే."

నేనైతే నవ్వేశాను. అప్పటికే మా యజమాని షెడ్డులోని పాత చెక్కంతా తీసిపారేయమని పోరుతున్నాడు. ఇవాళో రేపో ఆ తలుపు చెత్తబండి ఎక్కాల్సిందే. లింబాద్రి ఒకరోజంతా పని మధ్యలో పోయి ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి వస్తూనే ఉన్నాడు. మర్నాడు తలుపును తుడిచి, నూనె పట్టించి, వ్యానెక్కించాడు. హాలు నడిమధ్యన దాన్ని పడుకోబెట్టి, చుట్టూ పలకలు కలిపి, స్క్రూలతో బిగించేశాడు. పైన పల్చటి చెక్క పొర కూడా బిగించాక అది తలుపని ఎవరూ గుర్తుపట్టలేరు.

రిదా దాని మీద కాలు వేసింది. ఆ నేల పలికిన పలుకు నేను మాటల్లో పెట్టలేను. టీచర్ చేత్తో నోరు మూసుకుంది. షకీలా చేతిలో తుడుపుకర్రతో అలాగే నిలబడిపోయింది. లింబాద్రి మాత్రం వంగి, బూట్లు విప్పి, వట్టి కాళ్లతో నిలబడ్డాడు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అతను సీఫ్ వెళ్లడం మొదలుపెట్టాడు. అడిగితే, లెవెల్ చూడాలంటాడు. నేల ఏమన్నా పడవా, వారం వారం ఒరగడానికి? ఒక శుక్రవారం నేనూ వెంట వెళ్లాను. బయట మధ్యాహ్నపు ఎండ తెల్లగా కొడుతోంది, వీధిలో పిల్లి కూడా లేదు. హాలులో రిదా ఒక్కతే సాధన చేస్తోంది. లింబాద్రి బూట్లు విప్పి ఓ మూల నిలబడ్డాడు. రిదా ఆట ముగించి, చేతులు పక్కలకు పెట్టుకుని, కదలకుండా నిలుచుంది. నేల ఆగలేదు.

ఎదుటి మూల నుంచి చప్పుడు వచ్చింది. టక్, సర్ర్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ, ఇంకొంచెం దగ్గరగా. పలకల అడుగున ఎవరో నిదానంగా, దారి వెతుక్కుంటున్నట్టు నడుస్తున్నారు. అది నా పక్కనుంచి పోతున్నప్పుడు నా పాదాలకు సన్నటి అదురు తెలిసింది. లింబాద్రి దాకా వెళ్లి ఆగింది. అతను కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"గౌరవ్వ డ్యూటీ దిగి అచ్చింది సారు" అన్నాడు.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. స్క్రూ వదులైంది, ఏసీ చల్లదనానికి చెక్క ముడుచుకుంటోంది, ఈమాత్రం తెలియదా అని అరిచి, స్క్రూడ్రైవర్ లాక్కుని ప్రతి స్క్రూ నా చేత్తో బిగించాను. లింబాద్రి నన్ను ఆపలేదు. చంటిపిల్లాడి అల్లరిని చూసినట్టు చూశాడు. నేను చెమటలు కక్కుతూ లేచేసరికి నడక మళ్లీ మొదలైంది.

తర్వాత నేను అటు వెళ్లలేదు. పనుందని చెప్పుకున్నాను. ఎండలు తగ్గాక ఒక సాయంత్రం షకీలాయే మా షెడ్డుకు వచ్చింది, రిదాను వెంటబెట్టుకుని. రిదా గేటు నుంచి లోపలికి నడిచి వస్తోంది. కుడికాలు టక్కుమని పడుతోంది, ఎడమకాలు సర్రుమని జారుతోంది.

"అన్నా, పిల్ల కాలు ఈడుస్తున్నది" అంది షకీలా. "డాక్టర్ ఫోటో తీసిండు. ఎముకల ఏం లేదంటున్నడు. ఇంట్ల అయితే తిట్టిన, కొట్టిన గూడ. బంద్ చేస్తలేదు."

"నేను ఈడుస్తలేను అమ్మీ" అంది రిదా. భయమేమీ లేదు ఆ పిల్లలో, విసుగు మాత్రం ఉంది. "కింద ఆమె నాతోని నడుస్తది. ఆమె ఎట్లేస్తే నా కాలు గట్లే పోతది. ఆమెకు తలుపు దొరుకుతలేదు."

లింబాద్రి చేతిలో ఉలి కిందపడింది. తీసుకోవడానికి వంగలేదు. "నేల మంచిగనే ఉన్నది. పిల్లకు పోటీ అంటె భయమైతున్నది, అంతే" అన్నాడు గోడవైపు తిరిగి. అతను అబద్ధమాడడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు అతని మీద కోపం రాలేదు, జాలేసింది. ఎండనపడి వారమంతా పనిచేసి, ఆ ఒక్క చప్పుడు కోసం శుక్రవారం దాకా బతుకుతున్నాడు ఆ మనిషి. దాన్ని ఎవరడిగితే మాత్రం ఎలా ఇస్తాడు?

షకీలా గొంతు పెంచలేదు. "ఈ నడక నాకు ఎరుకలేదనుకున్నవా అన్నా? సల్మానియాల నేను గౌరవ్వక్క పక్కపొంటే నడిచిన. నీ కన్న నేను ఏమన్న తక్కువ ఏడ్చిన్నా? కని అక్క పోయింది. నా బిడ్డ ఉన్నది."

ఆ మాటతో లింబాద్రి చెక్క దుంగ మీద కూర్చుండిపోయాడు. కిందపడిన ఉలి తీసుకుని "శుక్రవారం అస్త" అన్నాడు.

నేను ఊనా టీచర్‌కు ఫోన్ చేసి, ఆ పలకల కింద ఉన్నది ఎవరి తలుపో మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. నాకే ఎదురు ప్రశ్న వేసింది, "దాన్ని మళ్లీ తగిలించలేదా?" అని. ఆట అయిపోగానే, చుట్టాలు గడప దాటకముందే, తలుపును తిరిగి బందులకు తగిలించాలని వాళ్ల అమ్మమ్మ పట్టుబట్టేదట. లేకపోతే ఆ తలుపున వచ్చి పోయేవాళ్లు ఎటు రావాలో తెలియక తిరుగుతారని అనేదట. ముసలమ్మ చాదస్తమని తాను ఎవరికీ చెప్పలేదంది. ఏ మూల నిర్మల్, ఏ మూల ఐర్లండు! లింబాద్రి తండ్రి కట్టడి నాకప్పుడు గుర్తొచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నలుగురు పెద్దవాళ్లం హాలులో గోడల వెంట నిలబడ్డాం. రిదా నేల మధ్యలో ఉంది. ఆడవద్దని తల్లి చెప్పింది, ఆ పిల్ల ఆడనూ లేదు. కానీ ఆమె చేతులు వాటంతట అవే పక్కలకు అంటుకున్నాయి. వీపు నిటారుగా నిలిచింది, ముఖంలో భావం పోయింది. కుడికాలు లేచి పడింది. ఎడమకాలు జారింది. అడుగు నుంచి అదే చప్పుడు, అదే వేళకు, సరిగ్గా ఆ పాదాల కిందే.

"అమ్మీ, నాతోని అయితలేదు" అంది రిదా. ఆగలేకపోతోంది.

లింబాద్రి మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ పలకల మీద ఆనించాడు. "గౌరవ్వా" అని పిలిచాడు. పొద్దున్నే నిద్ర లేపుతున్నట్టు, మెల్లగా. "నేనేనే. నిన్ను చెత్తల పడెయ్యబుద్ధిగాక ఈడ పండవెట్టిన. నీకు తొవ్వ దొరకదని ఎరుకలేకపాయె. ఎరుకైనంక గూడ ఊకున్న, నీ నడక ఇనాలని. పిల్లను ఇడిసిపెట్టవే. నీ తలుపు నిలవెడత."

రిదా కాళ్లు ఆగిపోయాయి. షకీలా పరుగెత్తుకెళ్లి పిల్లను ఎత్తుకుని గోడ దగ్గరికి తెచ్చేసింది. అడుగు చప్పుడు మాత్రం నిదానంగా కదిలి లింబాద్రి వైపు వచ్చింది. అతని చేతుల కింద ఆగింది. లోపలినుంచి ఒక్కసారి, వేలితో తట్టినట్టు, తట్టింది. అతను ఏడుస్తూనే మొదటి స్క్రూ విప్పాడు.

తలుపును ఇద్దరం కలిసి పైకెత్తాం. గచ్చు వైపున్న ముఖం, ఎవరి కాలూ తగలడానికి వీల్లేని ముఖం, దాని నూనెకు గచ్చు మీది దుమ్ము అంటుకుని ఉంది. ఆ దుమ్ములో ఈడ్చిన కాలి గీతలు, ఒకదాని మీద ఒకటి, అంచుల దాకా వెళ్లి వెనక్కి తిరిగి ఉన్నాయి. లింబాద్రి చూడకముందే నేను చేతిరుమాలుతో తుడిచేశాను. ఎందుకు తుడిచానో నన్ను అడగకండి.

రిదా తల్లి చంకలోంచి దిగి, హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి చూసుకుంది. రెండు కాళ్లూ సమంగా పడ్డాయి. "ఖలాస్?" అని అడిగింది ఎవరినో. లింబాద్రి తలూపాడు. తర్వాత అతను ఆ హాలుకు వేరే నేల కట్టాడు, మంచి చెక్కతోనే. బాగానే పలుకుతుంది, మునుపటి పలుకు మాత్రం లేదు. ఊనా టీచర్ ఆ మాట ఎన్నడూ అనలేదు. రిదా స్కార్ఫ్‌తోనే దుబాయి వెళ్లి ఆడి వచ్చింది, పతకం తెచ్చి మా షెడ్డుకు వచ్చి చూపించింది.

ఇక తలుపు. దాని గది ఎప్పుడో నేలమట్టమైంది, అక్కడ ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. లింబాద్రి మా షెడ్డు వెనక సిమెంటు గోడకు ద్వారబంధం బిగించి, పాత బందులతోనే తలుపును నిలబెట్టాడు. గోడకు తలుపేవిటయ్యా, నలుగురూ నవ్వుతారు అని నేను విసుక్కున్నాను. యజమాని అడిగితే మాత్రం, వచ్చేవాళ్లకు చూపించడానికి శాంపిల్ అని చెప్పాను. ఆయన నమ్మాడు.

మధ్యాహ్నం మిషన్లన్నీ ఆగాక లింబాద్రి చాయ్ పెట్టుకుని, ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంటాడు. మొన్న నేను కూడా వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి గోడలోంచి, చాలా దూరంనుంచి, నడక వినిపించింది. టక్, సర్ర్. తొందర లేదు, వెతుకులాట లేదు. ఇంటికి వచ్చే మనిషి నడక. అది తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. గడియ వేసి లేదు. నాకు భయం వేసింది, కోపమూ వచ్చింది.

"ఎంతసేపలా నిలబెడతావయ్యా ఆవిణ్ణి? తలుపు తియ్యరాదూ!" అన్నాను.

లింబాద్రి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తీస్తె గోడ ఉంటది సారు" అన్నాడు. "తియ్యకుంటె ఆమె ఉంటది."

పని గంట కొట్టారు. ఇద్దరం లేచి మిషన్ల దగ్గరికి వెళ్లాం.